నచ్చిన అంకె

ఖరీదైన యంత్రాన్ని ప్రశ్నించడం కష్టం. దాని అంకెలు ఎంత నిలకడగా ఉంటే అంత కష్టం. అందులోనూ ఆ అంకె మనం అనుకున్నదానికి దగ్గరగా వచ్చిందంటే, ప్రశ్నించాలన్న ఆలోచనే రాదు. గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో తేల్చే పనిలో నేను చేసిన పెద్ద పొరపాటుకు మూలం ఇదే.

ఇన్నేళ్ల తర్వాత దాన్ని రాయడానికి కారణం ఉంది. ఈ పొరపాటు చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు. బీపీ మిషన్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇది జరుగుతుంది. అంకె ఎక్కువ వస్తే పట్టీ సరిగ్గా చుట్టలేదనుకుని మళ్లీ చుట్టుకుంటాం. మెట్లెక్కి వచ్చాం కదా అనుకుని కాసేపు కూర్చుని ఇంకోసారి చూస్తాం. బాగున్న అంకె రాగానే కాగితం మీద రాసుకుని మిషన్ పెట్టెలో పెట్టేస్తాం. చెడ్డ అంకెను మూడుసార్లు సరిచూసిన మనమే, బాగున్న అంకెను ఒక్కసారి కూడా సరిచూడం.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, హైదరాబాద్ శివార్లలో కాలిబ్రేషన్ గ్యాస్ తయారుచేసే ఒక చోట చేరాను. వాయువులను కొలిచే ఏ పరికరమైనా తనంతట తాను సరిగ్గా చెప్పలేదు. బండికి పొల్యూషన్ పరీక్ష చేసే కేంద్రంలోని అనలైజరైనా, ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గరిదైనా, కొండమీద గాలిని పరిశీలించే కేంద్రంలోదైనా అంతే. దానికి ముందుగా, ఇంత వాయువు ఉందని కచ్చితంగా తెలిసిన ఒక సిలిండర్ చూపించాలి. "ఇది 400 అనుకో" అని నేర్పాలి. ఆ సిలిండర్ విలువ సరైనదని చెప్పడానికి దానికంటే నమ్మకమైన సిలిండర్ కావాలి. అలా పైకి వెళితే చివరికి చాలా దేశాల్లో ఒక జాతీయ ప్రమాణాల ప్రయోగశాల కనిపిస్తుంది. మనకు అది న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్). 1947 జనవరి 4న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. అమెరికాకు నిస్ట్, కొరియాకు క్రిస్, బ్రిటన్‌కు అదే ఎన్‌పీఎల్ పేరుతో మరో లేబొరేటరీ ఉన్నాయి. ఇవన్నీ తమ ప్రమాణాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసుకుంటూ ఉంటాయి. పారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అంతర్జాతీయ తూనికలు కొలతల బ్యూరో ఇలాంటి పోలికలకు పెద్దదిక్కు.

మా పని ఆ గొలుసులో మధ్య మెట్టు. నాకు అప్పగించినవి వాతావరణ గాలిని కొలిచేవాళ్ల కోసం చేసే సిలిండర్లు. గాలిలో పది లక్షల అణువులకు సుమారు 400 కార్బన్ డయాక్సైడ్ అణువులు. దీన్నే 400 పీపీఎం అంటాం. ఖాళీ చేసిన అల్యూమినియం సిలిండర్‌ను తూచి, కార్బన్ డయాక్సైడ్ కలిపి, మళ్లీ తూచి, ఆ పైన నైట్రోజన్, ఆక్సిజన్ నింపి, మళ్లీ తూచి, బరువుల నుంచి అణువుల లెక్క కడతాం. వినడానికి తేలికే. పది లీటర్ల సిలిండర్లో వంద బార్ల ఒత్తిడికి గాలి నింపితే, అందులో ఉండే కార్బన్ డయాక్సైడ్ బరువు 0.7 గ్రాములు. అంత చిన్న బరువును అన్ని కిలోల లోహంతో కలిపి తూయలేం కనుక, ముందు చిక్కటి మిశ్రమం చేసి, దాన్ని మెట్లుమెట్లుగా పలచన చేసుకుంటూ వస్తాం. సిలిండర్ మీద వేలిముద్ర పడినా బరువు మారుతుంది. గదిలో గాలి సాంద్రత మారితే సిలిండర్‌ను అది పైకి ఎత్తే బలం మారుతుంది. అందుకే పక్కన అదే ఆకారంలో మరో సిలిండర్ పెట్టుకుని తేడా మాత్రమే తీసుకుంటాం. ఈ పనిని నేను ఇష్టంగా, శ్రద్ధగా చేసేవాణ్ణి. చేతికి గ్లవ్స్ లేకుండా ఎవరైనా సిలిండర్ ముట్టుకుంటే గొడవపడేవాణ్ణి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన పొరపాటు అశ్రద్ధ వల్ల జరగలేదు. శ్రద్ధ అంతా ఒక పక్కనే పెట్టడం వల్ల జరిగింది.

అలాంటి రోజుల్లో మాకు కొత్త అనలైజర్ వచ్చింది. జాతీయ ప్రమాణాల ప్రయోగశాలల్లో వాడే రకం. దాని పనితీరు తెలుసుకున్న రోజు నాకు నిద్రపట్టలేదు. జానెడు పొడవున్న ఒక గదిలో, తమ మీద పడిన వెలుగును దాదాపు పూర్తిగా వెనక్కి పంపే అద్దాలుంటాయి. అందులోకి లేజర్ వెలుగు పంపి టక్కున ఆపేస్తారు. లోపల చిక్కుకున్న వెలుగు అద్దాల మధ్య వేలసార్లు తిరుగుతూ, ప్రతిసారీ రవ్వంత బయటికి కారుతూ ఆరిపోతుంది. ఆరిపోయేలోపు అది తిరిగే దూరం కిలోమీటర్లలో ఉంటుంది. లోపల ఆ వెలుగును మింగే వాయువు ఉంటే ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఎంత త్వరగా ఆరిందో, ఆ మైక్రోసెకన్లను కొలిస్తే వాయువు ఎంతుందో తెలుస్తుంది. కొలిచేది కాలాన్ని కనుక, లేజర్ వెలుగు కాస్త హెచ్చినా తగ్గినా నష్టం లేదు. పాత ఇన్‌ఫ్రారెడ్ అనలైజర్ పూటకో రకంగా జరిగిపోతుంటే, ఇది రోజుల తరబడి పీపీఎంలో వందో వంతుల దాకా నిలబడేది. తెర మీద నాలుగు దశాంశాలు కనిపించేవి. ఆ నాలుగూ సత్యమేనని నమ్మాను.

సిలిండర్ తయారయ్యాక దాన్ని అనలైజర్‌తో సరిచూడాలి. అనలైజర్‌కు మేము చూపించే ఆధార సిలిండర్లు బయటినుంచి తెప్పించినవి. వాటిలో ఉన్నది నిజమైన గాలి. శుభ్రమైన చోట గాలిని ఆరబెట్టి, ఒత్తిడితో నింపి, ప్రపంచ వాతావరణ సంస్థ కొలమానంతో విలువ కట్టినవి. నా కొత్త సిలిండర్ తూకం లెక్క 400 అంటే అనలైజర్ 399.75 అనేది. తేడా పావు పీపీఎం. మా తూకంలో ఉన్న అనిశ్చితి 0.3. తేడా అందులోపే ఉంది కనుక "సరిపోయింది" అని రిజిస్టర్లో టిక్ పెట్టేవాణ్ణి. తర్వాతి సిలిండర్‌కూ ఇంచుమించు అంతే తేడా. ఆ తర్వాతిదానికీ అంతే. నా సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే మాత్రం 0.05 లోపు కలిసేవి. అది చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను.

చదువుతున్నవాళ్లలో కొలతల పని చేసేవాళ్లుంటే ఇక్కడే ఆగి ఉంటారు. అనిశ్చితి నిజంగా తూకానిదే అయితే తేడా ఒకసారి ఎక్కువ రావాలి, ఒకసారి తక్కువ రావాలి. నా రిజిస్టర్లో ఆ గడిలో ప్రతి వరసకూ ముందు మైనస్ గుర్తే ఉంది. రాసింది నా చెయ్యే. నాకు కనబడలేదు. ఎందుకంటే నేను ఆ గడిని చదువుతున్నది తేడా ఎటువైపు ఉందో తెలుసుకోవడానికి కాదు, అది 0.3 దాటిందా లేదా అని చూడటానికి.

మా సిలిండర్లు కొన్నవాళ్లలో వాతావరణ గాలిని ఏళ్లతరబడి కొలుస్తున్న ఒక కేంద్రం ఉంది. వాళ్లకు 0.1 పీపీఎం కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. ఉత్తరార్ధగోళంలో వేర్వేరు కేంద్రాల కొలతలు ఒకదానితో ఒకటి కలవాలంటే అంత కచ్చితత్వం కావాలని ప్రపంచ వాతావరణ సంస్థ పెట్టిన లక్ష్యం అది. మామూలు మనిషికి అతిగా అనిపించవచ్చు. కానీ ప్రపంచమంతటా గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నది ఏడాదికి సగటున రెండు, రెండున్నర పీపీఎం. ఒక అడవి ఎంత పీల్చుకుంది, ఒక నగరం ఎంత వదిలింది అన్న లెక్కలు దూరదూరంగా ఉన్న కేంద్రాల మధ్య చిన్న తేడాల్లోనే దాగి ఉంటాయి. అక్కడ పావు పీపీఎం తప్పు అంటే, లేని అడవిని ఉన్నట్టు చూపించడమే. ఇదంతా నాకు తెలుసు. అయినా వాళ్లు "0.1కి సరిపోతాయా?" అని అడిగితే, మా సిలిండర్లు ఒకదానితో ఒకటి ఎంత బాగా కలుస్తాయో చూపించి, సరిపోతాయని మాటిచ్చాను.

కొంతకాలానికి అక్కడి పరిశోధకుడు ఫోన్ చేశాడు. నాకంటే వయసులో చిన్నవాడు, నెమ్మదస్తుడు. "సార్, మీ సిలిండర్ పెట్టినప్పటి నుంచి మా రికార్డులో చిన్న మెట్టు కనబడుతోంది. పాత సిలిండర్‌తో పోలిస్తే పావు పీపీఎం దాకా పైకి జరిగింది. ఒకసారి చూస్తారా?" అన్నాడు.

నేను చూడలేదు. చూడకుండానే జవాబిచ్చాను. మా అనలైజర్ ఎలాంటిదో చెప్పాను. మా తూకం పద్ధతి చెప్పాను. ఆ తర్వాత "మీ పైపుల్లో లీకేజీ ఉందేమో చూసుకోండి, రెగ్యులేటర్ సరిగ్గా ఫ్లష్ చేశారా, పాత సిలిండర్ ఒత్తిడి బాగా తగ్గేదాకా వాడారా" అని అడిగాను. అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే. సిలిండర్ గోడలకు అంటుకుని ఉన్న కార్బన్ డయాక్సైడ్, ఒత్తిడి తగ్గేకొద్దీ విడివడి విలువను పెంచుతుంది. రెగ్యులేటర్‌లో నిలవున్న గాలిని వదిలేయకపోతే మొదటి రీడింగులు తప్పుతాయి. నా ప్రశ్నల్లో తప్పేమీ లేదు. అన్నీ వాళ్లవైపే వేయడంలో తప్పుంది. నా వైపు ఒక్కటీ వేసుకోలేదు.

ఆ అబ్బాయి నా మాట నమ్మాడు. వాళ్లు గాలి పీల్చే గొట్టాలు విప్పి, కీళ్లన్నీ పరీక్షించి, కొన్ని మార్చి, వానల్లో టవర్ ఎక్కి పైన ఫిల్టర్ దాకా చూశారు. ఒక సీజన్ మొత్తం లేని లీకేజీ కోసం వెతికారు. నా పొరపాటులో ఇప్పటికీ బరువుగా తోచేది ఇదే. తప్పు విలువను సవరించవచ్చు. ఇంకొకరి శ్రమను తిరిగి ఇవ్వలేం.

ఏమీ దొరక్క చివరికి వాళ్లు తమ పాత సిలిండర్‌ను, నా సిలిండర్‌ను రెండింటినీ మాకు పంపారు. నా అనలైజర్ మీద రెండూ పెట్టాను. వాళ్లు చెప్పిన మెట్టు నా తెర మీదే కనిపించింది. అప్పటికి మా దగ్గరికి సలహాదారుగా ఒక పెద్దావిడ వస్తుండేవారు. ఒక జాతీయ ప్రమాణాల ప్రయోగశాలలో గ్యాస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. అందరం మేడమ్ అనేవాళ్లం. ఆవిడకు కాగితాలన్నీ చూపించి, తూకంలో ఎక్కడో తప్పు జరిగినట్టుందని చెప్పాను.

"తూకం తప్పని ఎలా తెలుసు బాబూ?"

"అనలైజర్ తక్కువ చూపిస్తోంది కదండీ."

"అనలైజర్ తప్పు చెప్పదా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ నన్ను మూలనున్న గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ దగ్గరికి తీసుకెళ్లారు. కొత్తది వచ్చాక దాన్ని ఎవరం పట్టించుకోవడం లేదు. అది నిదానం. ఒక్కో రీడింగ్‌కు నిమిషాలు పడుతుంది. అంకె కొంచెం ఊగుతుంది కనుక చాలాసార్లు కొలిచి సగటు తీయాలి. కానీ అది కొలిచే పద్ధతి వేరు. వాయువులను ముందు విడదీసి, కార్బన్ డయాక్సైడ్‌ను మీథేన్‌గా మార్చి, మంటలో కాల్చి, వచ్చిన విద్యుత్తును కొలుస్తుంది. ఓపిగ్గా కొలిచాను. సగటు తీస్తే నా తూకం విలువకే దగ్గరగా వచ్చింది. తూకం తప్పు కాదు. నేను నెత్తిన పెట్టుకున్న యంత్రమే నా సిలిండర్‌ను తక్కువ చేసి చూపిస్తోంది.

"ఒకే రకం యంత్రాలు పది పెట్టి కొలిచినా అది ఒకే సాక్షి చెప్పినట్టు. పద్ధతి మారితేనే రెండో సాక్షి" అన్నారు మేడమ్. జాతీయ ప్రయోగశాలల్లో ఇన్‌ఫ్రారెడ్, క్రొమాటోగ్రాఫ్, లేజర్ అనలైజర్ అన్నీ పక్కపక్కన ఎందుకు ఉంటాయో నాకు అప్పుడు అర్థమైంది. డబ్బు ఎక్కువై కొనుక్కున్నవి కావు.

సరే, అనలైజర్ ఎందుకు తప్పుతోంది? నేను చదవడం మొదలుపెట్టాను. మొదట దొరికింది ఐసోటోపుల సంగతి. కార్బన్‌లో ఎక్కువ భాగం కార్బన్-12. నూటికి ఒకటికి కాస్త పైగా కార్బన్-13 ఉంటుంది. నా అనలైజర్ లేజర్‌ను కార్బన్-12, ఆక్సిజన్-16 ఉన్న అణువు మింగే వెలుగు రేఖ మీద నిలిపారు. మిగిలిన బరువైన అణువులు దానికి కనబడవు. గాలిలో అవి ఎప్పుడూ దాదాపు ఒకే పాళ్లలో ఉంటాయి కనుక ఇబ్బంది లేదు. కానీ మేము మార్కెట్లో కొనే కార్బన్ డయాక్సైడ్ సాధారణంగా పెట్రోలియం, సహజవాయువు పరిశ్రమల నుంచి వస్తుంది. ఆ ఇంధనాల మూలం ఒకప్పటి మొక్కలూ జీవరాశీ. మొక్కలు తేలికైన కార్బన్-12ను ఎక్కువ ఇష్టంగా తీసుకుంటాయి. అందుకే ఆ కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్-13, గాలిలో ఉన్నదానికంటే మూడు శాతం దాకా తక్కువ ఉండవచ్చు. అనలైజర్‌కు కనబడే అణువులు ఆ మేరకు ఎక్కువ. లెక్క కడితే 400 పీపీఎం దగ్గర తేడా సుమారు 0.13.

దొరికిందని సంబరపడి, సవరణ దిశ చూసుకున్నాను. నా సిలిండర్లో అనలైజర్‌కు కనబడే అణువులు ఎక్కువ. అంటే అది ఎక్కువ చూపించాలి. అది తక్కువ చూపిస్తోంది. ఈ సవరణ చేస్తే తేడా తగ్గదు, పెరుగుతుంది. పావు పీపీఎం కాస్తా 0.4కు దగ్గరపడింది.

ఆ సాయంత్రం నాకు కలిగిన ఆలోచన దాచకుండా చెబుతాను. ఈ ఐసోటోపుల సవరణను పక్కన పెట్టేద్దామనిపించింది. "అంత చిన్న విషయం, మన దగ్గర దాని కొలత కూడా లేదు, పుస్తకం విలువతో చేసిన లెక్క, నమ్మకం ఏముంది" అని నాలో నేనే వాదించుకున్నాను. వాదన చాలా బాగుంది. అదే సవరణ తేడాను తగ్గించి ఉంటే, ఆ వాదనల్లో ఒక్కటీ నాకు గుర్తొచ్చేది కాదు. చేతులు జోడించి తీసుకునేవాణ్ణి.

మర్నాడు మేడమ్‌తో ఇదంతా చెప్పాను. ఆవిడ విని, మామూలుగా అడిగారు. "మీరు చేసే గాలిలో ఏమేం ఉన్నాయి బాబూ?"

"నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్."

"బయట ఉన్న గాలిలో?"

"నైట్రోజన్, ఆక్సిజన్…" అని ఆగిపోయాను. ఆర్గాన్. గాలిలో 0.93 శాతం. కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. స్కూల్లో చదువుకున్నదే. దేనితోనూ కలవని జడవాయువు కదా, ఉన్నా లేకపోయినా ఒకటేనని మేము దాని బదులు నైట్రోజన్ నింపేస్తున్నాం. నిజానికి రసాయన చర్యల్లో ఆర్గాన్ పాలుపంచుకోకపోయినా, పక్కనున్న అణువులను గుద్దుకోవడం మానదు. కార్బన్ డయాక్సైడ్ అణువు ఒక్కో రంగు వెలుగును మింగుతుంది. చుట్టూ ఉన్న అణువులు గుద్దుకుంటూ ఉంటే ఆ రంగు రేఖ కొంచెం వెడల్పవుతుంది. వెడల్పయితే ఎత్తు తగ్గుతుంది. నైట్రోజన్ గుద్దితే అయ్యే వెడల్పు, ఆర్గాన్ గుద్దితే అయ్యేదానికంటే ఎక్కువ. మా అనలైజర్ చూసేది రేఖ శిఖరం ఎత్తును. ఆర్గాన్ తీసేసి నైట్రోజన్ పెట్టిన నా సిలిండర్లో రేఖ వెడల్పయింది, శిఖరం కుంగింది, రీడింగ్ తగ్గింది. ఆర్గాన్ కలిపిన సిలిండర్ ఒకటి చేసి చూస్తే ఆ 0.4 దాదాపు మొత్తం సర్దుకుంది. ఐసోటోపుల తేడా ఒక్కటే మిగిలింది, లెక్క చెప్పిన వైపే.

అప్పుడు పాత రిజిస్టర్ తీశాను. వరసగా మైనస్ గుర్తులు. వాటి పక్కన నా టిక్కులు. రెండు తప్పులు ఎదురెదురు దిక్కుల్లో లాగుతూ, ఒకదాన్నొకటి కొంత కప్పేసి, మిగిలిన భాగాన్ని నేను గీసుకున్న 0.3 గీత లోపల సరిగ్గా కూర్చోబెట్టాయి. ఐసోటోపుల తప్పు లేకపోయి ఉంటే తేడా 0.4 వచ్చేది, గీత దాటేది, నేను మొదటి రోజే వెతికేవాణ్ణి. ఒక తప్పు ఇంకో తప్పును నా కంటపడకుండా కాపాడింది. సిలిండర్లన్నీ ఒకదానితో ఒకటి అంత బాగా కలవడానికి కారణం కూడా తెలిసింది. అన్నింటిలోనూ ఒకే తప్పు ఉంది. ఒకేలా తప్పిన వాటి మధ్య పేచీ ఎందుకు ఉంటుంది?

కుర్చీలో అలాగే చాలాసేపు కూర్చున్నాను. ఆర్గాన్ సంగతి తెలియకపోవడం నన్ను అంతగా బాధించలేదు. తెలియనిది తెలుసుకోవచ్చు. నా బాధంతా ఆ టిక్కుల గురించి. తెలుసుకోవడానికి కావలసినదంతా నా చేతిరాతలోనే ఉంది. యంత్రం అబద్ధం చెప్పలేదు. "ఈ వాయువు, నువ్వు నాకు చూపించిన ఆ వాయువులా ఉంటే, ఇంత" అని మాత్రమే చెప్పింది. ఆ "ఉంటే"ను నేను వినలేదు. అనలైజర్ ఎంత గొప్పదైనా పోల్చడమే దాని పని. దేనితో పోలుస్తున్నామో, ఆ రెండూ ఒకే జాతివో కాదో చూడటం మనిషి పని. నాలుగు దశాంశాలు నిలకడకు గుర్తు. సత్యానికి గుర్తు కాదు.

ఆ కేంద్రానికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. లీకేజీ లేదని, వెతికించింది నేనేనని, క్షమించమని అడిగాను. ఆ అబ్బాయి కాసేపు ఆగి, "ఆ నెలలకు సవరణ ఎంతో, దాని అనిశ్చితి ఎంతో రాసిస్తారా సార్? డేటా పారేయక్కర్లేకుండా బాగుచేసుకుంటాం" అన్నాడు. కోపం ఒక్క మాటలోనూ లేదు. ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ వెనక్కి పిలిపించి కొత్తవి రాశాం. తర్వాత నుంచి మా కృత్రిమ గాలిలో ఆర్గాన్ చేరింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వచ్చిందో, దాని ఐసోటోపుల పాళ్లు ఎంతో చెప్పే ఒక వరస సర్టిఫికెట్‌లో పెరిగింది.

ఆ తర్వాత చదువుతుంటే ఒక ఊరట దొరికింది. నా తోవలో నాకంటే ముందు చాలా పెద్దవాళ్లు నడిచారు. 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టిన చార్లెస్ కీలింగ్ తొలినాళ్లలో వాడిన ప్రమాణ సిలిండర్లు నైట్రోజన్‌లో కలిపినవి. గాలిలో కలిపినవి కావు. ఇన్‌ఫ్రారెడ్ అనలైజర్ నైట్రోజన్‌లో ఒకలా, గాలిలో ఒకలా స్పందిస్తుందని, కారణం అణువుల గుద్దుళ్ల వల్ల రేఖలు వెడల్పు కావడమేనని తర్వాత తేలింది. దానికి తగ్గట్టు పాత విలువలను సవరించారు. ఈ భూమి వేడెక్కడం గురించి మనకున్న అత్యంత ముఖ్యమైన రికార్డు అలా సరిదిద్దుకున్నదే. సరిదిద్దుకున్నారు కనుకే నమ్ముతున్నాం.

ఇంకా దగ్గరి ఉదాహరణ, ప్రపంచ వాతావరణ సంస్థ కొలమానాన్ని చూసుకునే అమెరికా సంస్థ నోవా. కొలరాడోలోని కొండల్లో, నివాట్ రిడ్జ్ అనే చోట నిజమైన గాలినే సిలిండర్లలో నింపే అలవాటు వాళ్లది. అలాంటి వాళ్లు తమ మూల పరికరంలో రబ్బరు రింగులు కార్బన్ డయాక్సైడ్‌ను రవ్వంత పీల్చుకుంటున్నాయని, వాయువు గుణాన్ని లెక్కించే ఒక గుణకం కూడా సవరించాలని గుర్తించి, కొలమానాన్నే మార్చారు. ఎక్స్2007 పోయి ఎక్స్2019 వచ్చింది. 400 పీపీఎం దగ్గర విలువలు 0.18 మేర పెరిగాయి. ప్రపంచంలోని కేంద్రాలన్నీ తమ రికార్డులు మార్చుకోవాలి. ఎంత ఇబ్బందో ఆలోచించండి. అయినా దాచలేదు, కారణాలతో సహా ప్రచురించారు. 2016, 2017ల్లో జాతీయ ప్రయోగశాలలు తమ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లను సెవ్ర్‌కు పంపి పోల్చి చూసుకున్నప్పుడు, ఐసోటోపుల సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. నేను రిజిస్టర్ ముందు కూర్చుని నేర్చుకున్నదాన్ని వాళ్లు పద్ధతిగా మార్చుకున్నారు.

ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా చేరే పిల్లలకు రెండు నియమాలు పెడతాను. తేడా గీత లోపల ఉందా అని చూసే ముందు, అది ఎటువైపు ఉందో చూడాలి. వరసగా ఒకేవైపు ఉంటే, అది ఎంత చిన్నదైనా కారణం వెతకాలి. ఇక రెండోది కొంచెం కష్టం. రీడింగ్ నచ్చనప్పుడు ఏమేం తనిఖీలు చేస్తామో, ఆ జాబితాను గోడకు అంటించి, రీడింగ్ నచ్చినప్పుడు కూడా వాటినే చేయాలి. పిల్లలు మొదట్లో విసుక్కుంటారు. బాగున్నదాన్ని ఎందుకు పరీక్షించడం అని అడుగుతారు. నేనూ ఒకప్పుడు అదే అడిగి ఉండేవాణ్ణి.

మీ పని గ్యాస్ సిలిండర్లు కాకపోవచ్చు. కొడుకు మార్కులో, వ్యాపారంలో నెలాఖరు లెక్కో, మీరు మెచ్చే నాయకుడి గురించి వచ్చిన వార్తో కావచ్చు. మనసుకు నచ్చని అంకె వచ్చినప్పుడు మనం అందరం మంచి శాస్త్రవేత్తలమే. ప్రతి కీలూ విప్పి చూస్తాం. ఆ ఓపికలో సగం, నచ్చిన అంకె వచ్చిన రోజున చూపించండి. ఎదుటివాడు "ఒకసారి చూస్తారా?" అని అడిగితే, జవాబు చెప్పే ముందు వెళ్లి చూడండి.